పావెకరం మాగాణి, ముప్పై కిలోల బియ్యం

1948లో జపాన్ ప్రభుత్వం రైతు దగ్గర బియ్యం కొన్న ధర కోకుకి సుమారు 3,600 యెన్. కోకు అంటే 150 కిలోలు. అదే కాలంలో అదే ప్రభుత్వం, భూస్వాముల దగ్గర తీసుకున్న మాగాణిని కౌలురైతులకి అమ్ముతోంది. సగటు ధర టాన్‌కి 760 యెన్. టాన్ అంటే మన లెక్కలో ఇరవై నాలుగున్నర సెంట్లు, పావెకరం అనుకోండి. భాగించి చూస్తే పావెకరం మాగాణి ముప్పై కిలోల చిల్లర బియ్యానికి వచ్చేసిందన్నమాట. ఆ పావెకరంలో ఏటా మూడు వందల కిలోల దాకా పండేది. తాతల నాటి నుంచి పంటలో సగం కౌలు కింద కొలిచిన రైతుకి, ఒక్క పంటలో పదో వంతు పెడితే ఆ మడి సొంతమైంది.

యుద్ధం తర్వాతి జపాన్ గురించి మనవాళ్ళు రాసేదంతా ఎక్కువగా కార్లు, రేడియోలు, బుల్లెట్ రైలు దగ్గర మొదలవుతుంది. 1945 నుంచి 1955 దాకా నడిచిన పదేళ్ళని మాత్రం పొలం గట్టు మీద నిలబడి చూడాలి. 1950 నాటికి కూడా ఆ దేశంలో పనిచేసేవాళ్ళలో 48.5 శాతం మంది వ్యవసాయం, అడవి, చేపలవేట మీదే బతుకుతున్నారు. ఫ్యాక్టరీ కథ తర్వాతది.

భూసంస్కరణ అక్కడ ఎందుకు నెగ్గిందని అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఒకటి, ఓడిన జపాన్‌ని ఆక్రమించి పాలించిన అమెరికన్ సేనాధిపతి జనరల్ మెకార్థర్ చేతిలో సైన్యం ఉంది కాబట్టి. రెండు, జపాన్ వాళ్ళది క్రమశిక్షణ కాబట్టి. రెండో జవాబుని నేను అసలు లెక్కలోకి తీసుకోను. ఆ ఊళ్ళలో భూస్వాములు ఎన్ని ఎత్తులు వేశారో కింద చెప్తాను. మొదటి జవాబులో సగం నిజం ఉంది. సైన్యం చట్టం చేయించగలదు. కానీ ఫలానా మడిని ఎవరు దున్నుతున్నారో సైన్యానికి తెలియదు. అది తెలిసింది ఊరికి. ఆ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టే ఏర్పాటు యుద్ధకాలంలోనే తయారై ఉంది. దున్నేవాడి పేరు రాసి ఉండటం, ఆ పేరుని తేల్చే చోట దున్నేవాళ్ళే సగం మంది కూర్చోవటం, ఈ రెండూ లేకపోతే మెకార్థర్ ఉన్నా ఆ చట్టం అటకెక్కేదని నా నమ్మకం.

యుద్ధం ముందే సగం పని చేసింది

1942లో జపాన్ ఆహార నియంత్రణ చట్టం తెచ్చింది. బియ్యం మొత్తం ప్రభుత్వానికే అమ్మాలి. ప్రతి ఊరికీ కోటా, ఊళ్ళో ప్రతి ఇంటికీ కోటా. కోటా వెయ్యాలంటే ఎవరు ఎంత సాగు చేస్తున్నారో తెలియాలి కదా. అలా భూమి ఎవరిదన్న రిజిస్టరు పక్కన, భూమి ఎవరి చేతిలో ఉందన్న జాబితా ఒకటి ప్రతి ఊరాఫీసులో తయారైంది.

దీని వెనకే ఇంకొకటి జరిగింది. కౌలు బియ్యం కూడా భూస్వామి గాదెకి పోకుండా, కౌలుదారు చేతి మీదుగా నేరుగా ప్రభుత్వానికి పోవటం మొదలైంది. భూస్వామికి డబ్బు అందేది. ప్రభుత్వం రెండు ధరలు పెట్టింది. పండించినవాడికి ప్రోత్సాహం కలిపి ఒక ధర, కౌలు వాటా ఉన్నవాడికి ఇంకో ధర. 1945 పంటకి వచ్చేసరికి పండించినవాడికి కోకుకి 300 యెన్, భూస్వామికి 55 యెన్.

దీన్ని ఒక మడికి వేసి చూడండి. టాన్‌కి రెండు కోకులు పండింది, అందులో ఒక కోకు కౌలు. గింజల్లో చూస్తే ఇంకా సగం కౌలే. డబ్బులో చూస్తే 600 యెన్ల పంటకి భూస్వామికి దక్కింది 55. పదో వంతు కూడా కాదు. కౌలు మీద బతికే ఆసామి నడుము సంస్కరణ రాకముందే విరిగింది. దీన్ని ఎవరూ న్యాయం కోసం చెయ్యలేదు. సైన్యానికి, పట్నాలకి తిండి కావాలి, దున్నేవాడు దున్నకపోతే తిండి రాదు. అంతే లెక్క.

1945 ఆగస్టు 15న లొంగిపోయాక ఆ తిండి ప్రశ్న ఇంకా ముదిరింది. ఆ ఏడు చలి, తుఫాను, ఎరువుల కరువు కలిసొచ్చి బియ్యం 58.7 లక్షల టన్నులే పండింది. మంచూరియా, కొరియా, తైవాన్, పసిఫిక్ దీవుల నుంచి 60 లక్షల మందికి పైగా సైనికులు, వలస జనం తిరిగొస్తున్నారు. కొరియా, తైవాన్‌ల నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. పట్నం ఇల్లాళ్ళు పట్టు కిమోనోలు మూటగట్టుకుని రైలెక్కి ఊళ్ళకి వెళ్ళి బియ్యానికి, చిలగడదుంపలకి మార్చుకునేవాళ్ళు. ఒక్కొక్క పొర ఒలుచుకుంటూ పోయే వెదురు మొలకతో పోల్చి ఆ బతుక్కి 'తకెనొకో' బతుకని పేరు పెట్టారు. నల్లబజారు కేసులు విచారించే టోక్యో జడ్జి యమగుచి యోషితద, తాను నల్లబజారు బియ్యం తిననని రేషన్ మీదే ఉండి 1947 అక్టోబరులో పోషకాహారం లేక చనిపోయారు. ఆయన వయసు ముప్పై నాలుగు లోపే.

మొదటి చట్టం ఎందుకు పనికిరాలేదు

చాలామందికి తెలియని సంగతి, మొదటి ముసాయిదా జపాన్ వ్యవసాయ శాఖ తానే రాసుకుంది. మత్సుమురా కెన్‌జో మంత్రిగా ఉన్నప్పుడు, 1945 నవంబరులోనే అది బయటికొచ్చింది. ఆ శాఖలో ఈ ఆలోచన యుద్ధానికి చాలా ముందు నుంచీ ఉంది. డిసెంబరు 9న ఆక్రమణ ప్రభుత్వం భూసంస్కరణ మీద ఆదేశం ఇచ్చింది. ఆ నెలలోనే చట్టం పాసైంది.

దాని లోపాలు మనం బాగా గుర్తుపట్టగలిగేవే. ఊళ్ళో ఉండే భూస్వామి ఐదు చోల దాకా కౌలు భూమి ఉంచుకోవచ్చు. చో అంటే 2.45 ఎకరాలు, కాబట్టి పన్నెండెకరాల పైమాట. అక్కడి కౌలు భూస్వాముల్లో ఎక్కువమంది ఆ లోపే ఉన్నారు. ఇంతకంటే పెద్ద లోపం, కొనుగోలు భూస్వామికీ కౌలుదారుకీ మధ్య బేరంగా నడవాలి. దాని కోసం ఐదేళ్ళ గడువు. ఐదేళ్ళు ఇస్తే ఏమవుతుంది? పొలాలు తమ్ముళ్ళ పేర్ల మీదికి వెళ్తాయి. కౌలుదార్లు ఒక్కొక్కరే వచ్చి 'నేను ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను' అని వేలిముద్ర వేస్తారు.

ఆక్రమణ ప్రభుత్వం దాన్ని చాలదంది. మిత్రరాజ్యాల మండలిలో బ్రిటిష్ కామన్వెల్త్ తరఫున కూర్చున్న ఆస్ట్రేలియన్ మక్‌మహాన్ బాల్ 1946 జూన్‌లో ఇచ్చిన ప్రతిపాదన రెండో చట్టానికి ఆకారం ఇచ్చింది. మెకార్థర్ దగ్గర పనిచేసిన వ్యవసాయ నిపుణుడు వుల్ఫ్ లడెజిన్‌స్కీ, జపాన్ వైపు వ్యవసాయ మంత్రి వదా హిరో దాన్ని నిలబెట్టారు. 1946 ఫిబ్రవరిలో మళ్ళీ పుట్టిన జపాన్ రైతు సంఘం ఊళ్ళలో ఒత్తిడి పెట్టింది. 1946 అక్టోబరు 21న చట్టం వెలువడింది.

దాని కొలతలు ఇవి. ఊళ్ళో లేని భూస్వామిది మొత్తం తీసుకుంటారు. ఊళ్ళో ఉన్నవాడు కౌలుకిచ్చిన భూమి ఒక్క చో మాత్రం ఉంచుకోవచ్చు, అంటే రెండున్నర ఎకరాలు. చలిదేశం హొక్కైడోలో నాలుగు చోలు. సొంత సాగుతో కలిపి మూడు చోలు దాటకూడదు, హొక్కైడోలో పన్నెండు. లెక్క ఇంటికి, మనిషికి కాదు. కాబట్టి పేర్లు పంచుకున్నా లాభం లేదు. ఎవరు ఊళ్ళో ఉన్నారు, ఎవరు దున్నుతున్నారు అన్నది 1945 నవంబరు 23 నాటి పరిస్థితిని బట్టి తేల్చవచ్చు. ఆ తేదీ ఎక్కడిదంటే, మొదటి ముసాయిదా సంగతి పేపర్లలో వచ్చిన రోజు. వార్త చదివి మర్నాడు పట్నం నుంచి మూటాముల్లె సర్దుకుని ఊరికొచ్చిన భూస్వామికి ఆ తేదీ దారి మూసేసింది. చట్టం పాసైన తేదీ పెట్టి ఉంటే ఏడాది పాటు రాత్రింబగళ్ళు కాగితాలు మారేవి. భూపరిమితి చట్టం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఎకరాల సంఖ్య మీద కొట్టుకుంటారు. నన్నడిగితే తేదీ ముందు చూడాలి.

పది మంది కూర్చున్న గది

ఇప్పుడు అసలు యంత్రం. దేశం మొత్తం మీద ఊరికొకటి చొప్పున దాదాపు 11,000 వ్యవసాయ భూమి కమిటీలు ఎన్నికయ్యాయి. ఎన్నికలు 1946 డిసెంబరులో మొదలయ్యాయి. ఒక్కో కమిటీలో పది మంది. కౌలుదార్లు ఐదుగురు, భూస్వాములు ముగ్గురు, సొంత భూమి దున్నుకునేవాళ్ళు ఇద్దరు. ఏ వర్గం వాళ్ళని ఆ వర్గమే ఎన్నుకుంటుంది. ఇక్కడే కిటుకు ఉంది. అందరూ కలిసి ఓటేస్తే కౌలుదార్ల సీట్లలో కూడా భూస్వామి మనుషులే కూర్చునేవాళ్ళు. భూస్వాములని పూర్తిగా బయట పెట్టినా పని జరిగేది కాదు. ఏ మడి సరిహద్దు ఎక్కడుందో, ఏ కౌలు ఎప్పుడు మొదలైందో వాళ్ళకీ తెలుసు, అబద్ధం చెప్తే పక్కనున్నవాళ్ళకి తెలుస్తుంది. పైన ప్రిఫెక్చర్ స్థాయిలో, మన జిల్లా అనుకోండి, ఇరవై మంది కమిటీ. అదే నిష్పత్తి: పది, ఆరు, నాలుగు.

ఒక మడి చేతులు మారటం ఎలా జరిగిందో వరసగా చూద్దాం. ముందు ప్రతి ఇల్లూ తన చేతిలో ఉన్న ప్రతి మడి వివరం రాసి ఇవ్వాలి. నంబరు, విస్తీర్ణం, ఎవరిది, ఎవరు దున్నుతున్నారు. గుమాస్తా ఆ కాగితాన్ని ఊరి పటంతో, పన్ను పుస్తకంతో, బియ్యం కోటా జాబితాతో సరిచూస్తాడు. మూడు పుస్తకాలు ఒక మాట చెప్పవు. పటంలో ఒకటిగా ఉన్న మడి గట్టు వేసి మూడైపోయి ఉంటుంది. పన్ను పుస్తకంలో చనిపోయిన తాత పేరుంటుంది. అలాంటి చోట వాడకి ఒకరు చొప్పున పెట్టిన సహాయకుడు పొలానికి వెళ్ళి పక్క మడుల వాళ్ళని నిలబెట్టి అడుగుతాడు. తేలాక కమిటీ కొనుగోలు పట్టిక రాసి ఊరాఫీసులో పది రోజులు అందరూ చూసేలా పెడుతుంది. అభ్యంతరం ఉంటే ఆ గడువులోనే చెప్పాలి. కమిటీ కాదంటే పై కమిటీకి పోవచ్చు. అక్కడా తేలిపోయాక గవర్నరు ఉత్తర్వు ఇస్తాడు, నిర్ణయించిన తేదీన భూమి ప్రభుత్వానిదవుతుంది. మొదటి కొనుగోలు తేదీ 1947 మార్చి 31. తర్వాత ప్రభుత్వం అదే మడిని దున్నుతున్న మనిషికే అమ్ముతుంది. రిజిస్ట్రేషన్ కూడా ప్రభుత్వమే మొత్తంగా చేయిస్తుంది. రైతు రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కి దస్తావేజు రాయించుకునే పని లేదు.

ఇందులో భూస్వామీ కౌలుదారూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడే ఘట్టం ఒక్కటీ లేదు చూడండి. కొన్నది ప్రభుత్వం, అమ్మింది ప్రభుత్వం. కౌలుదారు ఆసామి కళ్ళలోకి చూసి 'మీ పొలం నాకివ్వండి' అనాల్సిన అవసరం రాలేదు. తరాల తరబడి పెళ్ళికీ చావుకీ ఆ గడపకే వెళ్ళి అప్పు తెచ్చుకున్న మనిషికి ఆ ఒక్క మాట ఎంత బరువో, పల్లె తెలిసినవాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

1950కి వచ్చేసరికి సుమారు 19 లక్షల హెక్టార్లు చేతులు మారాయి. యుద్ధం ముగిసేనాటికి సాగుభూమిలో 46 శాతం కౌలులో ఉండేది, అది 10 శాతానికి దిగింది. 1946లో ఏ భూమీ లేని పూర్తి కౌలు కుటుంబాలు వందకి 29, 1950లో 5. మిగిలిన కౌలుకి డబ్బు రూపంలోనే చెల్లింపు, మాగాణిలో పంట విలువలో 25 శాతం, మెట్టలో 15 శాతం మించకూడదు, ఒప్పందం రాతలో ఉండాలి, కమిటీ ఒప్పుకోకుండా కౌలుదారుని లేపకూడదు.

ధర సంగతి, అన్యాయం సంగతి

ధర ఎలా కట్టారంటే, మాగాణికి ప్రభుత్వ పుస్తకాల్లో ఉన్న అద్దె విలువకి 40 రెట్లు, మెట్టకి 48 రెట్లు. నిర్ణయించినప్పుడు అది మరీ దోపిడీ ధర కాదు. టాన్‌కి 760 యెన్ అంటే, కోకు 300 యెన్ ఉన్న రోజుల్లో రెండున్నర కోకులు, ఏడాది పంట కంటే కాస్త ఎక్కువ. కానీ దాన్ని అక్కడే మేకు కొట్టి ఆపారు. బయట టోకు ధరలు 1945 నుంచి 1949కి దాదాపు అరవై రెట్లయ్యాయి. భూస్వామికిచ్చింది 3.65 శాతం వడ్డీ బాండ్లు. కౌలుదారుకి 30 ఏళ్ళ దాకా వాయిదాలు, 3.2 శాతం వడ్డీ. వాయిదాలు ఎవరిక్కావాలి? చాలామంది ఒక్క దఫాలో కట్టేశారు.

చట్టం రాసినవాళ్ళు ఈ ద్రవ్యోల్బణాన్ని ఊహించి చేశారని నేననను. అది వచ్చింది, సంస్కరణకి కలిసొచ్చింది. దీన్ని దాచకుండా చెప్పాలి. జపాన్ నమూనా అని చెప్పేవాళ్ళు ఈ భాగాన్ని దాటేస్తారు. మామూలు ధరలున్న కాలంలో అయితే కౌలుదారు ముప్పై ఏళ్ళు కడుతూ ఉండేవాడు, ఒక చెడ్డ పంటకి మళ్ళీ అప్పులో పడేవాడు.

అన్యాయాలు జరిగాయి. భూస్వామి అంటే మేడలో కూర్చున్నవాడని అనుకోకండి. అర చో, ముప్పాతిక చో కౌలుకిచ్చుకుని పట్నంలో బడిపంతులు పని చేసుకునేవాడు కూడా 'ఊళ్ళో లేని భూస్వామి'యే. యుద్ధంలో భర్త పోయి, దున్నే మగదిక్కు లేక పొలం కౌలుకిచ్చిన ఇల్లాలికి ఆ కాసింత ఆధారం బాండు కాగితమైంది. ఈ బాధ నిజమైనది. భూస్వాములు కోర్టుకెళ్ళారు. 1953 డిసెంబరు 23న సుప్రీంకోర్టు ఆ ధర రాజ్యాంగం చెప్పిన న్యాయమైన పరిహారమే అని తీర్పిచ్చింది. 1965లో పార్లమెంటు మాజీ భూస్వాములకి ప్రత్యేక చెల్లింపులిస్తూ చట్టం చేయాల్సి వచ్చిందంటే, గాయం మానలేదనే కదా. అయినా ఆ ఇల్లాలి బాధ చూపించి మొత్తం సంస్కరణే తప్పనేవాళ్ళతో నేను ఏకీభవించను. అలాంటివాళ్ళకి వేరే ఆదరువు చూడాల్సింది, అది చెయ్యలేదు. తప్పు అక్కడుంది.

చట్టం చేతికి చిక్కకుండా పోయినవీ ఉన్నాయి. 1945 చివర నుంచి కమిటీలు కూర్చునేదాకా ఉన్న సందులో 'నేనే దున్నుకుంటాను' అంటూ భూస్వాములు కౌలుదార్లని పెద్ద సంఖ్యలో లేపేశారు. కమిటీలు వచ్చాక కొన్ని వెనక్కి ఇప్పించాయి, కొన్ని ఇప్పించలేకపోయాయి. పెద్దింటికి చుట్టరికం ఉన్న కౌలుదారు, ఆ ఇంటి మీద ఫిర్యాదు చెయ్యలేదు. అన్నిటికంటే పెద్దది అడవి. కొండ అడవిని చట్టం ముట్టుకోలేదు. కట్టెలు, బొగ్గు, ఎరువుకి ఆకు, అన్నీ అడవి నుంచే తెచ్చుకునే కొండ ఊళ్ళలో, పొలం చేతికొచ్చినా పెద్దమనిషి పెత్తనం పోలేదు.

మడి సొంతమయ్యాక

1946 నుంచి 1948 దాకా రైతు చేతిలో డబ్బాడింది. 1949లో డెట్రాయిట్ బ్యాంకర్ జోసెఫ్ డాడ్జ్ వచ్చి బడ్జెట్ బిగించాడు, డాలరుకి 360 యెన్ల రేటు ఏప్రిల్ 25 నుంచి అమలైంది. ధరలు ఆగాయి, ఉద్యోగాలు ఊడాయి, ఊళ్ళలోనూ డబ్బుకి కటకట. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలై అమెరికన్ సైన్యం కొనుగోళ్ళు రాకపోతే ఆ బిగింపు ఎక్కడిదాకా పోయేదో. ఈ భాగం అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

నారుమడి దగ్గరికి వద్దాం. ఉత్తర జపాన్‌లో వరికి శత్రువు చలి. నీళ్ళ నారుమడిలో వసంతకాలపు చల్లటి నీళ్ళకి నారు ఎదగదు, ఊడ్పు ఆలస్యం, పొట్టకొచ్చేవేళకి మళ్ళీ చలి తగిలి తాలు. నగనో ప్రాంతపు కరుయిజావాలో ఒక రైతు యుద్ధకాలంలో కనిపెట్టిన పద్ధతి ఈ పదేళ్ళలో ఉత్తరాదంతా పాకింది. నారుమడిని ఎత్తుగా కడతారు, మధ్య కాలవల్లోనే నీళ్ళు ఉంచుతారు. మొలకెత్తిన విత్తనం చల్లి, అదిమి, పైన కాల్చిన ఊక పరుస్తారు. నల్లటి ఊక ఎండ వేడిని పట్టుకుంటుంది. దాని మీద నూనె పట్టించిన కాగితం పరిచి అంచులు బురదతో అదుముతారు. నారు తలెత్తి నిలదొక్కుకున్నాక కాగితం తీసేసి, అప్పటి నుంచి మామూలుగా నీళ్ళు కడతారు. కాగితం కింద ఉండగా నీళ్ళు మడి మీదికెక్కితే విత్తనం కుళ్ళుతుంది. ఎండ కాసే రోజుల్లో కాగితం తీయటం ఆలస్యమైతే నారు ఉడికిపోతుంది. కుదిరితే ఊడ్పు పది రోజులకి పైగా ముందుకొస్తుంది, వెన్ను చలికి ముందే గింజ కడుతుంది.

కాగితానికి డబ్బు, ఊక కాల్చటానికి శ్రమ, రోజూ చూసుకునే ఓపిక కావాలి. అదనంగా పండినదాంట్లో సగం కొలిచి ఇవ్వాలంటే కౌలుదారు ఆ పని పెట్టుకోడు. మురుగు కాలవ తవ్వటం, మంచి మట్టి తోలటం లాంటివైతే ఇంకా పెట్టుకోడు, వచ్చే ఏడు ఆ మడి తనదో కాదో. 1955లో బియ్యం 1 కోటి 23.8 లక్షల టన్నులు పండింది, పది ఆర్లకి (దాదాపు ఒక టాన్‌కి) సగటున 396 కిలోలు. పదేళ్ళ కిందటి పంటకి రెట్టింపు పైన. ఇదంతా భూసంస్కరణ ఖాతాలో వేస్తే తప్పు. ఆ ఏడు వాతావరణం అద్భుతంగా కుదిరింది, అమోనియం సల్ఫేట్ దొరికింది, కొత్త పురుగుమందులు, కలుపుమందులు వచ్చాయి. 1947లో వచ్చిన సహకార సంఘాల చట్టం, 1948లో వచ్చిన వ్యవసాయ విస్తరణ చట్టం ఇవన్నీ ఊరిదాకా చేర్చాయి. నేననేది ఒకటే. వీటిని అందుకోవటానికి చెయ్యి చాచినవాడు మడి సొంతదారు.

ఇంటి లోపల ఏం మారింది? 1946 ఏప్రిల్ 10 ఎన్నికల్లో ఆడవాళ్ళు మొదటిసారి ఓటేశారు, 39 మంది పార్లమెంటుకి ఎన్నికయ్యారు. కోడలి బతుకులో ఓటు కంటే ముందు కనిపించిన మార్పు పొయ్యి. పాత పొయ్యి మట్టి నేల మీద, పొగగొట్టం లేకుండా, వంగి కూర్చుని ఊదుకునేది. విస్తరణ శాఖ తరఫున ఊరూరా తిరిగిన మహిళా కార్యకర్తలు ఇటుకతోనో సిమెంటుతోనో నిలబడి వండుకునే ఎత్తులో, పొగగొట్టం పెట్టి కట్టించటం నేర్పారు. కట్టెలు తగ్గాయి, కళ్ళు బాగుపడ్డాయి. ఆ ఖర్చుకి అత్తమామలని ఒప్పించటమే అందులో కష్టమైన భాగం. చేతిలో కొంచెం మిగులు లేని ఇంట్లో ఆ మాట లేవనెత్తటం కూడా కుదరదు.

ఆస్తి పంపకంలో చట్టం ఒకటి, ఊరు ఒకటి. సవరించిన పౌరస్మృతి పిల్లలందరికీ సమాన వాటా అంది. అలా పంచితే రెండెకరాల పొలం అరెకరాలవుతుంది. ఊళ్ళు దానికి కనిపెట్టిన దారి, ఒక్కడే, ఎక్కువగా పెద్దకొడుకు, పొలం తీసుకోవటం, మిగిలినవాళ్ళు వాటా వదులుకుంటున్నట్టు సంతకం చెయ్యటం. ఆ మిగిలినవాళ్ళు ఎక్కడికి పోవాలి? 1954 ఏప్రిల్‌లో అవొమొరి నుంచి టోక్యోలోని ఉఎనో స్టేషనుకి, అప్పుడే బడి ముగించిన పిల్లలని గుంపుగా పనుల్లోకి తీసుకెళ్ళే రైలు బయల్దేరింది. పదిహేనేళ్ళ పిల్లలు. ఫ్యాక్టరీ కథ అక్కడ మొదలవుతుంది. పొలం చిన్నదిగానే మిగిలిపోవటం ఈ సంస్కరణ తీర్చలేని లోటు. 1952 వ్యవసాయ భూమి చట్టం కొత్త భూస్వామి పుట్టకుండా తలుపు మూసింది, ఆ తలుపు గట్టిదే కావటంతో పక్కవాడి మడి కౌలుకి తీసుకుని సాగు పెంచుకోవాలన్నవాడికి కూడా తర్వాత రోజుల్లో అది అడ్డమైంది.

మనం తెచ్చుకున్నది, తెచ్చుకోనిది

1953లో మన దేశమంతా 'జపాన్ పద్ధతి వరి సాగు' ప్రచారం నడిచింది. ఎత్తు నారుమళ్ళు, తక్కువ విత్తనం, వరసల్లో ఊడ్పు, మధ్యలో కలుపుతీత, ఎరువు మోతాదు పెంచటం. మంచి పద్ధతే. ఊళ్ళోని కమిటీని మాత్రం మనం తెచ్చుకోలేదు.

హైదరాబాద్ రాష్ట్రంలో 1950 కౌలు చట్టం రక్షిత కౌలుదారు అన్న హోదా ఇచ్చింది, పేర్లు కూడా రాసింది. ఆ రోజుల్లో అది ధైర్యమైన చట్టం, తెలంగాణ సాయుధ పోరాటం వెనక లేకపోతే వచ్చేది కాదు. కానీ పేరు రాశాక దాన్ని కాపాడే చోట కౌలుదార్లు లేరు. కొన్నేళ్ళలోనే రక్షిత కౌలుదార్లు చాలామంది 'ఇష్టపూర్వకంగా' వదులుకున్నట్టు కాగితాలు పుట్టాయి. జపాన్ మొదటి చట్టం ఏ గోతిలో పడబోయిందో మనం ఆ గోతిలోనే పడ్డాం.

జపాన్‌లో పనిచేసిన ఆ లడెజిన్‌స్కీ 1963లో మన పశ్చిమ గోదావరికి వచ్చాడు. విత్తనం, ఎరువు, అప్పు కలిపి అందించే ప్యాకేజీ కార్యక్రమం కింద ఉన్న ఐదు జిల్లాల్లో కౌలు పరిస్థితి చూడటానికి. ఆయన చూసింది నోటిమాట కౌళ్ళు, ఏ పుస్తకంలోనూ లేని కౌలుదార్లు. పేరు లేకపోతే అప్పు లేదు, అప్పు లేకపోతే ఎరువు లేదు. అదే డెల్టాలో ఈరోజు మక్తాకి చేసే రైతుని అడగండి, ఏం మారిందో చెప్తాడు.

తెలంగాణ పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది. తప్పులతడకగానైనా, దున్నేవాడి పేరు ఎక్కడానికి అదొక్కటే చోటు. భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక అది లేకుండా పోయింది. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే వెళ్ళింది, కౌలుదారుకి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం, తర్వాత 2019 సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకి కార్డులు తెచ్చాయి. 2019 చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం చెయ్యాలి. అంటే, ఏ మనిషి ముందు నోరు విప్పటం కౌలుదారుకి కష్టమో, మనం అతన్ని మళ్ళీ ఆ మనిషి దగ్గరికే పంపిస్తున్నాం. జపాన్ ఊళ్ళలో వాడ సహాయకుడు ఆ గడపకి వెళ్ళలేదు. గట్టు మీద నిలబడి పక్క మడి వాళ్ళని అడిగి రాసుకున్నాడు. ఆ రాసుకున్నది పది రోజులు ఊరాఫీసులో అందరూ చూసేలా పెట్టారు.